వినేవారిని ముందు సిద్ధం చేయడం: హైదరాబాద్ దక్షిణ భాగంలో బాలల హక్కుల శిక్షణపై ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ దక్షిణ భాగంలో, పాతబస్తీని ఆనుకుని పెరిగిన కొన్ని బస్తీలలో జరిగిన ఒక శిక్షణ, అవగాహన కార్యక్రమానికి సంబంధించిన నివేదిక ఇది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు, స్థానిక పోలీసు సిబ్బంది, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఇందులో శిక్షణ పొందారు. వారి శిక్షణ ఒక దశకు చేరిన తరువాతే తల్లిదండ్రుల సమావేశాలు, పిల్లల తరగతులు మొదలయ్యాయి. ఈ వరుసే నివేదికకు ప్రధాన విషయం. హక్కుల గురించి పిల్లలకు చెప్పడానికి ఉత్సాహవంతులైన వక్తలూ, రంగుల పోస్టర్లూ సులభంగానే దొరుకుతాయి. కానీ ఆ మాటలు నమ్మి ఒక పిల్లవాడు తనపై జరిగిన లైంగిక వేధింపు గురించి నోరు విప్పినప్పుడు ఎదుట ఉన్న పెద్దలకు తరువాతి గంటలో ఏం చేయాలో తెలియకపోతే, ఆ తరగతి వల్ల పిల్లవాడికి మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది. శిక్షకురాలిగా నేను ఈ కార్యక్రమం రూపకల్పన దశ నుంచి పాల్గొన్నాను. పిల్లల పేర్లు, పాఠశాలలు, పోలీస్ స్టేషన్, సంస్థల వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. పిల్లలను ఎవరూ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని సందర్భాలను మార్చి రాశాను.

చట్టపరమైన నేపథ్యం

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 42వ అధికరణం, అందులోని సూత్రాలనూ నిబంధనలనూ పెద్దలకూ పిల్లలకూ విస్తృతంగా తెలియజేసే బాధ్యతను ప్రభుత్వాలకు అప్పగించింది. భారతదేశం 1992 డిసెంబరులో ఈ ఒడంబడికలో చేరింది. దాని అమలును సమీక్షించే బాలల హక్కుల కమిటీ 2003లో వెలువరించిన 5వ సాధారణ వ్యాఖ్యలో, పిల్లలతోనూ పిల్లల కోసమూ పనిచేసే వారికి శిక్షణ ఒక్కసారితో ముగియకుండా కొనసాగాలని, దాని ఫలితాన్ని సమీక్షించేటప్పుడు పాల్గొన్నవారి జ్ఞానంతో పాటు వారి వైఖరిలోనూ ఆచరణలోనూ వచ్చిన మార్పును చూడాలని సూచించింది. మన చట్టాలలో లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణకు ఉద్దేశించిన 2012 నాటి పోక్సో చట్టం 43వ సెక్షన్, బాలల సంరక్షణకు ఉద్దేశించిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 108వ సెక్షన్ దాదాపు ఒకే మాటలతో రెండు పనులు చెబుతున్నాయి. టెలివిజన్, రేడియో, పత్రికల ద్వారా చట్టంలోని నిబంధనలను ప్రజలకు, పిల్లలకు, తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా తెలియజేయడం మొదటిది కాగా, ప్రభుత్వ అధికారులకూ ఇతర సంబంధిత వ్యక్తులకూ నియమిత కాలాల్లో శిక్షణ ఇవ్వడం రెండవది. 2020 పోక్సో నిబంధనలు ఈ రెండింటినీ మరింత వివరించి, పిల్లలతో తరచూ మెలిగే సంస్థలన్నింటిలో సిబ్బంది పూర్వాపరాల తనిఖీని కూడా తప్పనిసరి చేశాయి.

రెండు పనులూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే ఉన్నాయి గానీ ఏది ముందు జరగాలో చట్టం చెప్పలేదు. ఆచరణలో ప్రచారమే ముందు జరిగిపోతూ ఉంటుంది. నవంబరు 14 దగ్గర పడేసరికి ప్రతి పాఠశాలకూ ఎవరో ఒకరు వచ్చి ఒక గంట మాట్లాడి, బ్యానరుతో ఫోటో దిగి వెళతారు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదులు, రికార్డులు రాసే రైటరుకు ఇచ్చే శిక్షణకు అటువంటి ఫోటో అందం ఉండదు.

ప్రాంతం, అక్కడి పరిస్థితి

ఈ బస్తీలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఒకే గోడను పంచుకుని ఉంటాయి. పాలమూరు వైపు నుంచి కూలి పనుల కోసం వచ్చి స్థిరపడినవారు కొందరైతే, తరతరాలుగా నగరంలోనే ఉన్నవారు మరికొందరు. బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు గాజుల కార్ఖానాలలో పనిచేసేవారు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాలపై పోలీసులు దాడులు చేసి రెండు వందలకు పైగా బాలలను విడిపించిన విషయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట తప్పిపోయిన పిల్లల కోసం, పనిలో ఉన్న పిల్లల కోసం జరిగే గాలింపులలో ఈ స్టేషన్ సిబ్బంది పాల్గొంటూనే వచ్చారు.

ఈ అనుభవం వారికి ఒక బలం, అదే సమయంలో ఒక పరిమితి కూడా. ఇతర రాష్ట్రం నుంచి వచ్చి కార్ఖానాలో దొరికిన బాలుడిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలలోగా, సంరక్షణ అవసరమైన పిల్లల విషయాలు చూసే బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలన్న నిబంధన వారికి కొట్టినపిండి. ఆ బాలుడి తల్లిదండ్రులు ఎక్కడో దూరాన ఉంటారు, తప్పు చేసిన యజమాని ఎదుటే ఉంటాడు, చేయవలసిన పని స్పష్టంగా ఉంటుంది. ఇదే బస్తీకి చెందిన పిల్ల తన సొంత బంధువు గురించో, ట్యూషన్ చెప్పే మనిషి గురించో చెప్పినప్పుడు మాత్రం వారికి అలవాటైన దారి ఏదీ లేదు. అటువంటి సందర్భాలలో చాలామంది సిబ్బంది చట్టం చెప్పే పోలీసు అధికారి పాత్రను వదిలి, ఇరువర్గాలకూ తెలిసిన పెద్దమనిషి పాత్రలోకి జారిపోయేవారు.

మా కార్యక్రమానికి ముందే అక్కడ జరిగిన ఒక సంఘటన మా ప్రణాళికను చాలావరకు నిర్ణయించింది. ఒక స్వచ్ఛంద సంస్థ ఒక పాఠశాలలో మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి తరగతి నిర్వహించింది. తరగతి బాగానే జరిగిందని ఉపాధ్యాయులు ఇప్పటికీ చెబుతారు. ఆ వారంలోనే ఎనిమిదో తరగతి బాలిక ఒకరు తన క్లాస్ టీచరుకు ఇంటి పక్కన ఉండే ఒక వ్యక్తి గురించి చెప్పింది. టీచరు ప్రధానోపాధ్యాయుడికి చెప్పారు. ఆయన మరో ఇద్దరు ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, నిజమేనా అని నిర్ధారించుకోవడానికి బాలికను వారి ముందు మళ్లీ చెప్పమన్నారు. తరువాత తల్లిదండ్రులను పిలిపించారు. సాయంత్రానికి విషయం బస్తీ పెద్దల దగ్గరకు చేరింది. వారం తిరగకుండా ఆ బాలికను అమ్మమ్మ ఊరికి పంపేశారు, ఆమె చదువు అక్కడితో ఆగింది. ఆ వ్యక్తి మాత్రం అదే ఇంటిలో ఉన్నాడు. ఈ వరుసలో ఎవరూ చెడు ఉద్దేశంతో ప్రవర్తించలేదు. ప్రధానోపాధ్యాయుడు కుటుంబం పరువు కాపాడుతున్నాననే అనుకున్నారు. ఆ తరగతిలోని మిగిలిన పిల్లలు దీని నుంచి నేర్చుకున్న పాఠం ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఆ తరువాత ఆ పాఠశాలలో పిల్లలు దేని గురించీ చెప్పడం మానేశారని ఒక ఉపాధ్యాయిని నాతో అన్నారు.

శిక్షణకు ముందు అడిగిన ప్రశ్న

చట్టం గురించి ఎవరికి ఎంత తెలుసో పరీక్షించే ప్రశ్నపత్రంతో మేము మొదలుపెట్టలేదు. ప్రతి ఒక్కరినీ విడిగా ఒకటే అడిగాము: రేపు ఉదయం పదకొండు గంటలకు ఒక పిల్ల మీ దగ్గరకు వచ్చి తనకు జరిగినది చెబితే, పన్నెండు గంటలకల్లా మీరు ఏమేం చేసి ఉంటారు? ఉపాధ్యాయులు ప్రధానోపాధ్యాయుడికి చెబుతామన్నారు. ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రులను పిలిపిస్తామని, పై అధికారికి తెలియజేస్తామని అన్నారు. ఆశా కార్యకర్తలు బాలిక తల్లితో మాట్లాడతామన్నారు. స్టేషన్ రిసెప్షన్‌లో కూర్చునే కానిస్టేబుల్ నిజాయితీగా, కంప్లయింట్ రాసుకుని రమ్మంటానని చెప్పారు. పోక్సో చట్టం పేరు, పద్దెనిమిదేళ్ల వయోపరిమితి, పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు దాదాపు అందరికీ తెలుసు. అయినా ఆ గంటలో పిల్లతో తాము ఏం మాట్లాడతామో, తరువాత ఏం జరుగుతుందో పిల్లకు ఎలా చెబుతామో ఒక్కరి జవాబులోనూ లేదు. కాబట్టి శిక్షణ మొత్తాన్ని ఆ గంట చుట్టూనే నిర్మించాము.

పోలీసు సిబ్బందితో

జువెనైల్ జస్టిస్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ఏఎస్‌ఐ హోదాకు తగ్గని ఒక అధికారిని, తగిన శిక్షణ ఇచ్చి, బాలల సంక్షేమ పోలీసు అధికారిగా నియమించవచ్చు. శిక్షణలకు సాధారణంగా ఆ అధికారినే పంపుతారు. వచ్చే ఇబ్బంది ఏమిటంటే, బస్తీ నుంచి ఒక తల్లి పిల్లను తీసుకుని స్టేషన్‌కు వచ్చినప్పుడు ఆ అధికారి బందోబస్తులోనో కోర్టు డ్యూటీలోనో ఉంటారు. ఆమెకు ముందు ఎదురయ్యేది గేటు దగ్గర హోంగార్డు, తరువాత రిసెప్షన్ కానిస్టేబుల్, ఆ తరువాత రైటరు. అందువల్ల శిక్షణను స్టేషన్ మేడ మీది హాలులోనే, షిఫ్టుల ప్రకారం, హోంగార్డులతో సహా అందరికీ నిర్వహించడానికి అనుమతి అడిగాము. హోంగార్డుకు చట్టం ఎందుకని ఒక పై అధికారి మొదట ప్రశ్నించారు. స్టేషన్ హౌస్ ఆఫీసర్ స్వయంగా చొరవ చూపడం వల్లనే అది సాధ్యమైంది.

నగరంలో 2016 నుంచి పనిచేస్తున్న భరోసా కేంద్రం గురించి సిబ్బందికి బాగా తెలుసు. వైద్య సహాయం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం, వాంగ్మూలం నమోదు వంటి సేవలు అక్కడ ఒకేచోట అందుతాయి. ఈ కేంద్రం చాలా విలువైనది. అయితే స్టేషన్ స్థాయిలో దాని వల్ల ఒక నిశ్చింత కూడా ఏర్పడింది: ఇటువంటి విషయాలు భరోసా వాళ్లు చూసుకుంటారన్నది. పిల్ల భరోసాకు చేరడానికి ముందు గడిచే సమయంలో ఎంతమంది ఎన్నిసార్లు అడిగారన్నదే చాలా కేసుల గతిని నిర్ణయిస్తుంది. కోర్టులో ప్రతివాది తరఫు న్యాయవాది పట్టుకునేది కూడా ఆ మొదటి మాటలకూ తరువాతి వాంగ్మూలానికీ మధ్య ఉన్న తేడాలనే.

పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంటిలో గానీ, ఆమె కోరుకున్న చోట గానీ, వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలి. ఆ సమయంలో అధికారి యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణం చేతనూ పిల్లను రాత్రివేళ స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ నిబంధనలు తెరమీద చూపినప్పుడు అందరూ తలలూపారు. ఒక మహిళా కానిస్టేబుల్ మాత్రం, "మేడం, యూనిఫాం మార్చుకోవాలంటే మాకు గది ఎక్కడుంది? చీర ఇంట్లో ఉంటుంది, డ్యూటీ ఇక్కడ ఉంటుంది" అన్నారు. ఆ రోజు జరిగిన చర్చలన్నింటిలో ఇదే అత్యంత ఉపయోగకరమైనదని నా అభిప్రాయం. పాత రికార్డులు పెట్టిన చిన్న గదిని ఖాళీ చేయించి, తలుపుకు గడియ పెట్టించి, మహిళా సిబ్బంది ఒక్కొక్క జత మామూలు దుస్తులు అక్కడ ఉంచుకునే ఏర్పాటు ఆ వారంలోనే జరిగింది. సెక్షన్‌ను ఎన్నిసార్లు చదివి వినిపించినా రాని మార్పు ఆ గడియతో వచ్చింది.

అభ్యాసాల విషయానికి వస్తే, ఒకరికి పిల్ల పాత్ర ఇచ్చి, ఆ పిల్లకు తెలిసిన విషయాలు మాత్రమే రాసి ఉన్న కార్డు చేతిలో పెట్టేవాళ్లం. ఎదుటి అధికారి మూడే ప్రశ్నలు అడగవచ్చు. మొదటి విడతలో దాదాపు అందరి ప్రశ్నలూ జవాబును తమలోనే దాచుకున్నవి: "వాడు నిన్ను గదిలోకి తీసుకెళ్లాడు కదా?" "ఇంతకుముందు కూడా జరిగింది కదా?" పిల్ల పాత్ర ధరించిన కానిస్టేబుల్ కార్డులో లేని విషయాలకు కూడా "అవును సార్" అనేయడం చూసి హాలులో మొదట నవ్వులు వచ్చాయి, తరువాత ఆగిపోయాయి. ముప్పై ఏళ్ల మనిషి, తోటి ఉద్యోగి అడిగితేనే అవునన్నప్పుడు పదేళ్ల పిల్ల ఏమంటుందో వారికి విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు. "ఏం జరిగిందో నీకు వచ్చినట్టు చెప్పమ్మా" అని అడిగి, ఆ తరువాత మౌనంగా ఉండటం అందరికీ కష్టంగా తోచింది. మౌనమే అన్నిటికంటే ఎక్కువ సాధన కోరింది.

ఇంకొక అభ్యాసం కాగితాలకు సంబంధించినది. సమాచారం అందిన 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక న్యాయస్థానానికీ తెలియజేయాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. పిల్ల స్వయంగా చెప్పినప్పుడు ఆమెకు అర్థమయ్యే సరళమైన భాషలోనే నమోదు చేయాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 2020 నిబంధనల కింద పిల్లకూ కుటుంబానికీ ఉన్న హక్కులను తెలిపే ఫారం ఎ, ప్రాథమిక అంచనాకు ఉద్దేశించిన ఫారం బి ఉన్నాయి. ఈ ఫారాలు స్టేషన్‌లో ఉన్నాయి గానీ అవి నింపేవారు తక్కువ. ఉర్దూ మాత్రమే చదవగల తల్లి చేత తెలుగులోనో ఆంగ్లంలోనో ఉన్న ఫారం ఎ మీద సంతకం పెట్టించడం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు కాబట్టి, దానిలోని విషయాన్ని నోటితో నాలుగు నిమిషాలలో చెప్పే పద్ధతిని రెండు భాషలలోనూ సాధన చేయించాము. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమలులోకి రావడంతో మెజిస్ట్రేటు ముందు నమోదయ్యే వాంగ్మూలానికి సంబంధించిన పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 164వ సెక్షన్ స్థానంలో కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 183వ సెక్షన్ వచ్చింది. ఇటువంటి నంబర్ల మార్పులు సిబ్బందే త్వరగా పట్టుకున్నారు, వాటి మీద ఎక్కువ సమయం వెచ్చించలేదు.

ఉపాధ్యాయులతో

పాఠశాలలలో ఎదురైన మొదటి అభ్యంతరం మరో రూపంలో వచ్చింది. బాలల హక్కులంటూ మొదలుపెడితే ఇక తరగతిలో క్రమశిక్షణ ఉండదని, బెత్తం తీసేశాక పిల్లలు మాట వినడం లేదని కొందరు సీనియర్ ఉపాధ్యాయులు బహిరంగంగానే అన్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించిందని వారికి తెలియక కాదు. నేను దానిమీద వాదించలేదు. మీ పాఠశాలలో పిల్లలు కష్టం చెప్పుకోవాలనుకుంటే ఎవరి దగ్గరకు వెళతారో తమ పేర్లు వేయకుండా చీటీల మీద రాయమని ఉపాధ్యాయులను అడిగాము. చీటీలలో ఎక్కువగా వచ్చిన పేరు ఏ ఉపాధ్యాయుడిదీ కాదు, మధ్యాహ్న భోజనం వండే అక్కలది. వారు కొట్టరు, మార్కులు వేయరు, పిల్లలు ఎవరు తిన్నారో ఎవరు తినలేదో గమనిస్తారు. ఆ చీటీలు చదివిన తరువాత వంట కార్మికులను శిక్షణలో చేర్చాలన్న ప్రతిపాదన ఉపాధ్యాయుల నుంచే వచ్చింది.

ప్రధానోపాధ్యాయుల భయం చాలా వాస్తవమైనది. సమాచారం ఇవ్వకపోతే పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. సంస్థ బాధ్యుడై ఉండి తన కింద పనిచేసేవారి నేరం గురించి చెప్పకపోతే అది ఏడాది వరకు ఉండవచ్చు. నేరం గురించి తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని సుప్రీంకోర్టు 2022 నవంబరులో ఒక తీర్పులో స్పష్టం చేసింది కూడా. ఈ విషయాలు చెప్పినప్పుడు భయం పెరిగింది గానీ పని మెరుగుపడే సూచన కనిపించలేదు. శిక్షకు భయపడిన మనిషి ముందుగా తనను తాను కాపాడుకోవాలని చూస్తాడు, అందుకోసం పిల్లను మరింతగా ప్రశ్నిస్తాడు. అందుకే 19వ సెక్షన్‌లోని రెండు విషయాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాము. నేరం జరిగిందని నిరూపించే బాధ్యత ఉపాధ్యాయుడిది కాదు, తెలిసినది, లేదా జరగవచ్చన్న అనుమానం ఉన్నది చెప్పడమే ఆయన బాధ్యత. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ గానీ క్రిమినల్ గానీ చర్య ఉండదు. విచారణ మన పని కాదన్నది అర్థమైనప్పుడు చాలామంది ముఖాలలో కనిపించిన తేలికదనం నాకు ఆశ్చర్యం కలిగించింది.

పదవీ విరమణ చేసిన ఒక పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒక పూట వచ్చి, అభ్యాసంలో భాగంగా ఉపాధ్యాయులు రాసిన నోట్లను తీసుకుని కోర్టులో ప్రతివాది న్యాయవాది అడిగినట్టే వారిని ప్రశ్నించారు. "అసభ్యంగా ప్రవర్తించినట్టు చెప్పింది" అని రాసిన ఉపాధ్యాయినిని, పిల్ల ఆ మాటే వాడిందా అని అడిగారు. లేదు, తన మాటల్లో రాశానని ఆమె అన్నారు. ఆ పూట నుంచి పిల్ల పలికిన మాటలను, అవి దక్కనీ ఉర్దూలో ఉన్నా, ఇంటి భాషలో మోటుగా ఉన్నా, అలాగే రాసి, తేదీ, సమయం, ఎవరు ఎదుట ఉన్నారో వేసి సంతకం పెట్టడం అందరికీ అలవాటు చేయించాము. నోటు సగం పేజీ దాటకూడదని ఒక నియమం పెట్టుకున్నాము, ఎందుకంటే పేజీ నిండాలంటే ఇంకా ప్రశ్నలు అడగాలి.

బస్తీలలో అవగాహన

స్టేషన్, పాఠశాలలు ఒక స్థాయికి వచ్చాయని ఇరువైపులా అభిప్రాయం కుదిరిన తరువాత బస్తీలలోకి వెళ్లాము. స్వయం సహాయక సంఘాల సమావేశాలు, బస్తీ దవాఖానాలో టీకాల రోజు, మసీదు కమిటీ పెద్దలతో ఒకటి, ఆలయ కమిటీతో ఒకటి, ఆటో స్టాండులో సాయంత్రం వేళ కొన్ని సమావేశాలు జరిగాయి. ఇక్కడ హక్కుల జాబితా చదవలేదు. తల్లులు అడిగేది ఒకటే: చెబితే ఏమవుతుంది? పేరు పేపరులో వస్తుందా, స్టేషన్ చుట్టూ తిరగాలా, రేపు పిల్లకు సంబంధం వస్తుందా, ఇల్లు గడిపే మనిషిని తీసుకెళితే కిరాయి ఎవరు కడతారు? ఈ ప్రశ్నలకు ఎవరూ తప్పించుకోకుండా జవాబు చెప్పే ప్రయత్నం చేశాము. పిల్ల వెంట ఉండి విషయాలు వివరించేందుకు సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ సమితి నియమించవచ్చని, ఆహారం, దుస్తులు, రవాణా వంటి అత్యవసర అవసరాలకు సమితి సిఫారసుతో తక్షణ సహాయం పొందే వీలు 2020 నిబంధనలలో ఉందని చెప్పాము. కేసు పూర్తవడానికి ఏడాదిలోగా అని చట్టం చెప్పినా ఆచరణలో ఎక్కువ కాలం పట్టవచ్చని కూడా దాచకుండా చెప్పాము. ఆ ఒక్క మాట దాచి ఉంటే మిగతావి ఎవరూ నమ్మేవారు కారు.

గుర్తింపు బయటపెట్టడం గురించి కొంత వివరంగా రాయాలి. పోక్సో 23వ సెక్షన్, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పిల్ల పేరు, చిరునామా, ఫోటో, పాఠశాల, కుటుంబ వివరాలు వెల్లడించడాన్ని నిషేధిస్తున్నాయి. ఈ నిబంధనను పెద్ద పత్రికలు చాలావరకు పాటిస్తాయి. అసలు ప్రమాదం స్థానిక యూట్యూబ్ ఛానళ్లలోనూ వాట్సాప్ గ్రూపులలోనూ ఉంది. ముఖం మసకబరిచి, ఇంటి ముందు నిలబడి, "ఫలానా బస్తీ, ఫలానా స్కూలు, ఏడో తరగతి" అని చెబితే ఆ గల్లీలో పేరు చెప్పినట్టే. ఆ ప్రాంతంలో వార్తలు తీసే కుర్రాళ్లను పిలిచి ఒక సమావేశం పెట్టాము. వారిలో చాలామందికి ఇది నేరమని తెలియదు. తెలిసిన తరువాత ఒకరు, మరి వార్త ఎలా రాయాలి అని అడిగారు. ఆ ప్రశ్నకు అక్కడికక్కడే ఒక కల్పిత సంఘటన తీసుకుని ఎలా రాయవచ్చో కలిసి రాసి చూశాము. ఆసక్తికరంగా, ఈ సమావేశం గురించి తెలుసుకున్న తరువాతే కొందరు తల్లులు మాతో విడిగా మాట్లాడటానికి ముందుకు వచ్చారు.

ఒక బాలుడి విషయం

అవగాహన సమావేశాలు మొదలైన కొద్దికాలానికి ఒక పాఠశాలలో ఏడో తరగతి బాలుడు అన్నం తినకుండా కూర్చోవడం వంట చేసే అక్క గమనించింది. రెండో రోజు అతనే ఆమెకు, తనను దింపే వ్యాను నడిపే మనిషి గురించి రెండు వాక్యాలు చెప్పాడు. ఆమె ఏమీ అడగలేదు. "చెప్పినందుకు మంచి పని చేశావు బేటా, ఈ విషయం నేను టీచరుకు చెప్పాలి, నువ్వు నా పక్కనే ఉంటావా?" అన్నది. టీచరు ఆ రెండు వాక్యాలనే రాశారు. ప్రధానోపాధ్యాయిని స్టేషన్‌కు ఫోన్ చేసి, సిబ్బందిని ఎవరినీ పిలవకుండా, బాలుడిని ఆ అక్కతోనే వంటగది పక్కన కూర్చోబెట్టారు. మామూలు దుస్తులలో ఒక కానిస్టేబుల్ వచ్చి తల్లికి విషయం చెప్పే వరకు ఉన్నారు. వాంగ్మూలం ఆ సాయంత్రం బాలుడి మేనత్త ఇంటిలో, అతను కోరుకున్నట్టుగా, పక్క స్టేషన్ నుంచి వచ్చిన మహిళా ఎస్‌ఐ నమోదు చేశారు. సమితికి సమాచారం మరునాడు ఉదయానికే చేరింది.

ఈ కేసులో రెండు విషయాలు మమ్మల్ని ఇబ్బంది పెట్టాయి. శిక్షణ అంతటా అభ్యాస కార్డులలోని పిల్లలలో ఎక్కువమంది బాలికలే. చట్టం బాలురకూ బాలికలకూ సమానంగా వర్తిస్తుందని చెప్పినా, మొదట విషయం విన్న ఒక సిబ్బంది నోటి నుంచి "మగపిల్లవాడే కదా" అన్న మాట వచ్చింది. బాలుడి తండ్రికి కూడా కొంతకాలం పాటు కోపం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. ఆ తండ్రితో మాట్లాడటానికి తల్లులతో సాధన చేసిన పద్ధతులు పనికి రాలేదు. ఒక ఆటో డ్రైవర్ల సంఘం పెద్ద ఆయనతో కూర్చుని మాట్లాడటం చాలా సహాయపడింది. రెండవది ఆసుపత్రి. అక్కడి సిబ్బంది మా శిక్షణలో భాగం కాదు. వైద్య పరీక్ష కోసం బాలుడు, తల్లి జనం మధ్య బెంచీ మీద చాలాసేపు వేచి ఉండవలసి వచ్చింది. పాఠశాలలోనూ స్టేషన్‌లోనూ జాగ్రత్తగా కాపాడిన గోప్యత ఆ వరండాలో చెదిరిపోయింది. తరువాతి విడతలో ఆసుపత్రి అవుట్‌పేషెంట్ రిజిస్ట్రేషన్ గుమాస్తాలను, సెక్యూరిటీ గార్డులను చేర్చాలని కోరడానికి ఈ అనుభవమే కారణం.

ఫలితాన్ని కొలవడం

కేసుల సంఖ్యలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇంత చిన్న ప్రాంతంలో సంఖ్య ఇస్తే పిల్లలను గుర్తించడం సులభమవుతుంది. సమాచారం ఇచ్చినవారు పెరిగారని మాత్రం చెప్పగలను, దాని వల్ల ఒక విచిత్రమైన చిక్కు వచ్చింది. నెలవారీ నేర సమీక్షలో ఈ స్టేషన్ పరిధిలో పిల్లలపై నేరాలు పెరిగినట్టు కనిపించాయి. కార్యక్రమానికి ఆర్థిక సహాయం చేసినవారు కూడా, అవగాహన పెరిగితే నేరాలు తగ్గాలి కదా అని అడిగారు. నోరు విప్పే పిల్లల సంఖ్య పెరగడం మొదటి దశలో ఆశించవలసిన మార్పేనని స్టేషన్ హౌస్ ఆఫీసర్ సమీక్షలో వివరించగలిగారు. అందుకు పై అధికారులతో ముందుగానే మాట్లాడి ఉంచడం ఉపయోగపడింది. ఈ సంభాషణను కార్యక్రమం మొదట్లోనే పెట్టుకోవాలని ఇటువంటి పని తలపెట్టేవారికి నా సూచన, లేకపోతే సంఖ్య పెరిగిన మొదటి నెలలోనే రిజిస్టర్ చేయడానికి వెనకాడే పరిస్థితి వస్తుంది.

రాత పరీక్షలో వచ్చే మార్కులకు బదులు మేము మూడు నెలలకొకసారి కాగితాలను చూశాము. పాఠశాల నోటులో పిల్ల మాటలే ఉన్నాయా, సమితికి సమాచారం 24 గంటలలో వెళ్లిందా, ఫారం ఎ నోటితో వివరించినట్టు తల్లి చెబుతోందా, వాంగ్మూలం ఎక్కడ నమోదైంది అన్నవి అందులో ముఖ్యమైనవి. ఈ విధంగా చూసినప్పుడు ఉపాధ్యాయుల నోట్లు బాగా మెరుగుపడ్డాయి, 24 గంటల నియమం దాదాపు నిలకడగా పాటించారు. సహాయక వ్యక్తి నియామకం మాత్రం ఆలస్యమవుతూనే ఉంది. సహాయక వ్యక్తుల ఏర్పాటుపై సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో వివరమైన ఆదేశాలు ఇచ్చింది. అయితే ఉర్దూ మాట్లాడగలిగి, ఈ వైపు బస్తీలకు రాగలిగిన వారు కొద్దిమందే దొరుకుతున్నారు.

ఇంకా పరిష్కారం కానివి

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది బదిలీలు. శిక్షణ పొందిన రైటరు, బాలల సంక్షేమ పోలీసు అధికారి ఇద్దరూ ఏడాది తిరగకముందే వేరే స్టేషన్లకు వెళ్లారు. వారి స్థానంలో వచ్చినవారికి మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇవ్వడానికి నిధులు లేవు. ప్రస్తుతానికి, గేటు దగ్గర ఉండే హోంగార్డులు ఎక్కువ కాలం అదే స్టేషన్‌లో ఉంటున్నారు కాబట్టి, వారిలో ఇద్దరు కొత్తవారికి మొదటి గంట అభ్యాసాన్ని చూపించే ఏర్పాటు చేసుకున్నారు. హోంగార్డుకు చట్టం ఎందుకన్న అధికారే దీన్ని ఆమోదించారు. పాఠశాలలలో ఈ బాధ్యతను ప్రధానోపాధ్యాయుల నుంచి వంట కార్మికులకు కూడా పంచాలన్న ప్రతిపాదనకు ఇంకా రాతపూర్వక అనుమతి రాలేదు. వారు రెగ్యులర్ ఉద్యోగులు కారన్నది చెబుతున్న కారణం. తదుపరి విడతకు ఆసుపత్రి సిబ్బందితో పాటు పాఠశాల వ్యానులు, ఆటోలు నడిపేవారిని, వారి యజమానులను చేర్చి, 2020 నిబంధనలు కోరే పోలీసు తనిఖీని వారికి వర్తింపజేసే పద్ధతిపై స్టేషన్‌తో చర్చలు నడుస్తున్నాయి. అభ్యాస కార్డులను తిరగరాసి, సగం కార్డులలో బాలుర సందర్భాలు పెట్టడం పూర్తయింది.